పదో వంతు బండి

మా ఆఫీసు టేబుల్ మీద ఒక చెరువు ఉంది. ఎంత ఎండ కొట్టినా ఎండదు. నీలం రంగు పూసిన అద్దం ముక్క మరి. దాని గట్టున స్పాంజి చెట్లు, సబ్బుబిళ్ళలంతేసి విల్లాలు, గేటు దగ్గర చిక్కుడు గింజంత కారు. మొయినాబాద్ రోడ్డు మీదున్న మా వెంచర్ ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు ఆ నమూనా చుట్టూ తిరుగుతారు. "ఇవన్ని ఎప్పుడొస్తయమ్మా?" అంటారు. "ఫేజ్ టూలో సార్" అనడం నా ఉద్యోగం.

పోయిన ఏప్రిల్‌లో ఒక పెద్దమనిషి వచ్చాడు. నిటారుగా ఉన్నాడు, మీసాలు కూడా నిటారుగానే ఉన్నాయి. చంకలో చార్టు కాగితాల చుట్ట. ప్లాటు సంగతి అడగలేదు. నమూనా మీదికి వంగి ఒక విల్లా కప్పును వేలితో తట్టి చూశాడు.

"ఇది చేసినోడు ట్యాంకు చేస్తడా బిడ్డా?"

"నీళ్ళ ట్యాంకా సార్?"

"యుద్ధం ట్యాంకు. కాని తుపాకి ఉండదు. వంతెన మోస్తది. వాగు అడ్డమొస్తే నెత్తి మీది వంతెన తెరిచి అవతలి ఒడ్డుకు పరుస్తది. వెనకున్న ఫౌజంత దాని మీదికెల్లి దాటుతది. పద్దెనిమిదేండ్లు నడిపిన నేను."

ఆయన పేరు రామన్న. ఊరు శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు. సుబేదారుగా రిటైరయ్యాడు. జూన్‌లో చేవెళ్ళ ఫంక్షన్ హాల్లో వాళ్ళ పాత సిపాయిలంతా కలుస్తున్నారు. వాళ్ళు శిక్షణ పొందిన ఆర్మీ సెంటరు నుంచి ఒక కర్నల్ వస్తున్నాడు. ఆయన చేతిలో ఆ బండి నమూనా పెట్టాలని సుబేదారు పట్టుదల. పట్నంలో ఒకచోట చేయించాడట. ఫోన్లో ఫోటో చూపించాడు. తళతళలాడుతోంది.

"మస్తుగున్నది గద సార్."

"వంతెన గమ్ముతోని అతికిచ్చిండు. తెరుచుకోదు. తెరుచుకోని వంతెన నాకెందుకు? పెండ్లిల గిఫ్టియ్యనీకా?"

అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. "మా బాపు చేస్తడు సార్."

"ఏం పని జేస్తడు మీ బాపు?"

"బండ్లు చేస్తడు."

అబద్ధం కాదు. ఆఖరి బండి చేసి తొమ్మిదేళ్ళయింది, అంతే.

*

సురంగల్‌లో బాపు వడ్రంగి, మా ఇంటికి వడ్ల బుచ్చయ్య ఇల్లు అనే పేరు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి దండెం మీద కొత్త ఖాకీ జత వేలాడుతోంది. చందనవెల్లిలో ఒక గోదాముకు వాచ్‌మన్ కావాలని కాంట్రాక్టరు చెప్తే, అమ్మే మాట్లాడి ఖాయం చేసింది. జూన్ ఒకటి నుంచి డ్యూటీ. అమ్మను తప్పుపట్టలేను. రెడీమేడ్ తలుపులు వచ్చాక బాపుకు మంచం కోళ్ళు బిగించే పని తప్ప మరొకటి రావడం లేదు. ఖాళీగా కూచున్న మనిషిని రోజూ చూడడం అమ్మకు కష్టంగా ఉండేది. బాపు ఆ ఖాకీని చూసేవాడు కాదు. దాని కిందుగా వెళ్ళాల్సి వస్తే తల వంచుకుని వెళ్ళేవాడు.

నేను చార్టులు అరుగు మీద పరిచాను. సుబేదారు స్వయంగా గీసినవి. వాళ్ళ సెంటరు గేటు ముందు సర్వీసు అయిపోయిన బండి ఒకటి దిమ్మె మీద నిలబెట్టి ఉందట. టేపు పట్టుకుని ప్రతి అంగం కొలిచి, పక్కన అడుగులు, ఇంచులు రాసుకొచ్చాడు. అందులో పదో వంతు కొలతతో చేయాలి.

బాపు మోకాళ్ళ మీద కూచుని ఒక్కో గీత మీద వేలు పోనిచ్చాడు. దీపాలు పెట్టే వేళ దాటాక తలెత్తాడు.

"దీన్ని చేసినోడికి బండి తెలుసు."

"అది ఇనుముది బాపూ."

"ఇనుముదైతేంది? వంతెన బరువంత ముందుకు పోయినంక ముక్కు మీద పడకుంట కింద ఒక కాలు దించిండు చూడు. బండి ఇప్పినప్పుడు నొగల కింద ఆనుకర్ర పెట్టమా? గదే."

వంటింట్లోంచి అమ్మ అంది, "ఒకటో తారీకు డ్యూటీ. యాదున్నదా?"

"ఉన్నది" అన్నాడు బాపు, కాగితం మీంచి కళ్ళు తీయకుండా.

కొట్టం వెనక ఒక ఎడ్లబండి ఉంది. తొమ్మిదేళ్ళ కింద ఒక రైతు చెప్తే చేసింది. సగం పనిలో ఉండగా ఆయన ట్రాక్టరు కొన్నాడు. బాపు మాత్రం బండి పూర్తి చేశాడు, ఎవరూ తీసుకుపోలేదు. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టేవి. తెల్లారి నేను లేచేసరికి ఆ బండి ముందరి పొడుగు కర్రలు, నొగలు రెండూ, ఊడి నేల మీద ఉన్నాయి. బాపు బాడిశకు పదును పెడుతున్నాడు. వంతెన ఆ నొగల నుంచే వచ్చింది.

*

తర్వాతి నెల రోజులు మా ఇంట్లో అన్నంలో కూడా రంపపు పొట్టు వచ్చింది.

నేను ఆఫీసు నుంచి వచ్చి సుబేదారు కొలతలను ఫోన్లో పదితో భాగించి, పెన్సిల్‌తో చెక్క మీద రాసేదాన్ని. బాపు గీత కొట్టేవాడు. గీత కొట్టేటప్పుడు ఆయన పెదవులు కదిలేవి. ధ్వజం, ధూమం, సింహం, శ్వానం, వృషభం, ఖరం, గజం, కాకం. ఒక్కో ఇంచుకు ఒక్కో పేరు, ఎనిమిది అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. కొలత ఆగిన చోటి పేరే ఆ వస్తువు ఆయం; వరసలో బేసివి మంచివి, సరివి చెడ్డవి. పక్కింటి పిల్లలు ఎక్కాలు వింటూ పెరిగితే నేను ఇది వింటూ పెరిగాను. అందుకే ప్రత్యేకంగా వినలేదు. వినాల్సింది.

గొలుసు చక్రాల కోసం పాత సైకిలు చెయిన్లు కావాలి, చిన్న బేరింగులు కావాలి. చేవెళ్ళలో లక్ష్మీనర్సయ్య సేటు హార్డ్‌వేర్ దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. సేటు గల్లా ముందు నుంచి లేవకుండానే పలకరించాడు.

"ఏం బుచ్చయ్యా, ట్యాంకు కడుతున్నవంట! ఎవరి మీదికి యుద్ధం? శంకర్‌పల్లోళ్ళ మీదికా?"

"ముందు నీ దుకాణం మీదికే సేటూ. పోయినసారి తుప్పు మొలలిచ్చినవ్."

"గిప్పుడు మిషిన్లు వచ్చినయయ్యా. కంప్యూటర్ల బొమ్మేస్తే బయటికి వస్తువే వస్తది. నువ్వు బాడిశతోని చెక్కుడేంది?"

"మిషిను చేసింది తెరుచుకుంటలేదంట" అన్నాడు బాపు, బేరింగు ఒకటి చెవి దగ్గర పెట్టి తిప్పి చూస్తూ. "ఇది గరగర అంటున్నది. మంచిదియ్యి."

సేటు నవ్వి మంచిదే ఇచ్చాడు.

మే నెల సగానికి బండి లేచి నిలబడింది. టేకు ఒళ్ళు, తుమ్మ చక్రాలు, సైకిలు చెయిన్ల మీద నూట అరవై చెక్క బిళ్ళలు. నెత్తి మీద కత్తెరలా మడిచిన వంతెన. వెనక చిన్న హ్యాండిలు తిప్పితే వంతెన నిటారుగా లేస్తుంది, గాలిలో విచ్చుకుంటుంది, ముందుకు వాలుతుంది. వీధిలోవాళ్ళు చూడ్డానికి వచ్చి, అమ్మ పెట్టిన చాయ్ తాగి, మళ్ళీ తిప్పమని అడిగేవాళ్ళు. అమ్మ కూడా ఎవరూ లేనప్పుడు ఒకసారి తిప్పింది. నేను చూశాను. చూడనట్టు ఉన్నాను.

*

సుబేదారు ఒక ఆదివారం స్కూటర్ మీద వచ్చాడు. బాపు అరుగుకూ చెక్క గడంచెకూ మధ్య సందు పెట్టి ఉంచాడు, అదే వాగు. హ్యాండిలు తిప్పాడు. వంతెన లేచింది, విచ్చుకుంది, అవతలి ఒడ్డు మీద ఆకులా వాలింది.

సుబేదారు టోపీ తీసేశాడు. "అరె" అన్నాడు. "అరె బుచ్చయ్యా." బండి చుట్టూ తిరిగాడు. ముందు కాలును, చెయిన్లను ముట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి స్టీలు టేపు తీశాడు. అలవాటే అనుకుంటా, అనుమానం కాదు. వంతెన సగాన్ని కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. రెండో సగాన్నీ కొలిచాడు.

"బిడ్డా, దీనికి నువ్వేం రాసినవ్?"

"ముప్పై ఎనిమిది మీద ఒక్క పాయింటు సార్."

"ఇది ముప్పై తొమ్మిదున్నది."

నేను బాపు వైపు చూశాను.

"అవును. ముప్పై తొమ్మిదే పెట్టిన" అన్నాడు బాపు. "ముప్పై ఎనిమిదికి ఆయం ఖరం వస్తున్నది. గాడిద. జర పెంచితే గజం. ఏనుగు. వెనక వంతెన కూసునే గూడు గూడ గంతే జరిపిన. కంటికి తెల్వది."

"మిలిటరీ బండికి ఆయం చూస్తవా?"

"నేను మంచం చేసినా చూస్త. మా అయ్య చూసిండు, మా తాత చూసిండు. చెడ్డ ఆయం పెట్టి ఏ వస్తువూ నా చేతిల నుంచి గడప దాటలె సుబేదార్ సాబ్."

"గీ ఇంచుకు జర తక్కువకు పది రెట్లు వెయ్యి." సుబేదారు గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "తొమ్మిది ఇంచులు. వంతెన తొమ్మిది ఇంచులు తప్పితే గూట్ల కూసోదు. పిన్ను పడదు. నా వెనక ఫౌజు నిలబడి ఉంటది. కర్నల్ సాబ్ గీ బండి మీద నౌకరీ చేసినోడు. చూడంగనే పట్టుకుంటడు. కొలత తప్పిన బండి తీస్కపోయి మా బండి ఇదేనని నేను చెప్పలేను."

"కొలత తప్పలె. ఆయం చూసిన."

"గదే తప్పు."

"తక్కువ చేసి గాడిద ఆయం మీద ఇస్తే, నేను వడ్లోణ్ణి కాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ కొలత తప్పని మనుషులే. అదే కష్టం. సుబేదారు చాయ్ తాగకుండా టోపీ పెట్టుకున్నాడు. వాకిట్లో ఆగి, "జూన్ రెండో ఆదివారం దాక టైమున్నది బుచ్చయ్యా" అన్నాడు. స్కూటర్ స్టార్టు చేశాడు.

బాపు బండి మీద గోనెసంచి కప్పాడు. ఉలి, రందా, బాడిశ పెట్టెలో పెట్టి మూత వేశాడు. దండెం మీది ఖాకీ చొక్కా తీసి ఒంటికి ఆనించి చూసుకున్నాడు.

"భుజాలు జర పెద్దగున్నయి" అన్నాడు అమ్మతో.

"కుట్లేస్త తియ్యి" అంది అమ్మ. ఆమె కోరుకున్నదే జరుగుతోంది. అయినా సూది మాత్రం ఆ రోజు తీయలేదు.

*

జూన్ ఒకటిన అమ్మే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, జ్వరమని చెప్పింది. ఆయన తొమ్మిదో తారీకు సోమవారం దాకా గడువిచ్చాడు. ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. బాపుకు జ్వరం లేదు. ఎందుకు చెప్పావని అడిగితే, "భుజాలు కుట్టలె" అంది.

ఆ వారమే మా ఆఫీసుకు పట్నం నుంచి ఒక జంట వచ్చింది. భర్త ఫోన్లో దిక్సూచి తెరిచి నమూనా మీద పెట్టాడు. ఒక విల్లా తలుపు మీద, ఇంకో విల్లా తలుపు మీద మార్చి మార్చి పెట్టాడు. "ఇదేంటమ్మా, అన్నీ ఆగ్నేయం చూపిస్తున్నాయి! ఏసీ కింద టేబుల్ అడ్డంగా వేశారు కదా, కొంచెం తూర్పుకు తిప్పండి" అన్నాడు. నలుగురం కలిసి ఆ చెరువునూ చెట్లనూ పట్టుకుని తూర్పుకు తిప్పాం. ఆయన సంతృప్తిగా తల ఊపాడు.

ఇంట్లో అన్నాలు తింటూ ఈ ముచ్చట చెప్పాను. బాపు వారం రోజులుగా నవ్వలేదు, నవ్విద్దామని.

"నాకు నవ్వాగలె అమ్మా. సార్, వాస్తు ప్లాటుకు చూస్తరు గని బొమ్మకు చూస్తరా అందామనుకున్న. నౌకరీ పోతదని అనలె."

అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉంది. ముద్దను కంచంలో పెట్టాడు.

"అసలు బండిది పొడుగెంత రాసిండు బిడ్డా?"

"ఏది?"

"వంతెన సగం. పదితోని కొట్టకముందు."

లేచి చార్టు తెచ్చాను. "ముప్పై ఒక్క అడుగు తొమ్మిది ఇంచులు."

"ఇంచుల్ల చెప్పు."

"మూడు వందల ఎనభై ఒకటి."

ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలుపెట్టాడు. అమ్మ మజ్జిగ పోయబోయి ఆగింది. ధ్వజం, ధూమం, సింహం. నలభై ఏడు చుట్లు. ఆయన ఒక్క చుట్టు కూడా వదలలేదు. భాగించి చెప్తానంటే తల అడ్డంగా ఊపాడు. నలభై ఏడు అయ్యాక నెమ్మదించాడు. ధ్వజం. ధూమం. సింహం. శ్వానం. బొటనవేలు అయిదో కణుపు మీద ఆగింది.

"వృషభం" అన్నాడు. "ఎద్దు."

కంచంలో చెయ్యి కడుక్కోబోయి, మళ్ళీ ఆగి, ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు.

"ఆయం అసలు బండికున్నది. మనం చేసేది దాని బొమ్మ. ఫోటోకు ఆయం చూడం గద" అన్నాడు. అమ్మ వైపు కంచం జరిపాడు. "విమలా, ఇంకింత మజ్జిగ పొయ్యి."

అంతే. తెల్లారేసరికి పెట్టె మూత తెరిచి ఉంది. వంతెన నాలుగు కొసలూ కోసి గీతకు తెచ్చాడు. గూడు పీకి ముందుకు జరిపాడు. పిన్ను రంధ్రాలు మూసి కొత్తవి తొలిచాడు. ఆరు రోజుల పని. తెగిన నాలుగు ముక్కలను మాత్రం పారేయలేదు. కిటికీలో పెట్టుకున్నాడు.

*

చేవెళ్ళ ఫంక్షన్ హాల్లో ఆ ఆదివారం డెబ్బై మంది పాత సిపాయిలు. ఛాతీల మీద మెడళ్ళు. వేదిక ముందు రెండు టేబుళ్ళు, మధ్యలో అయిదడుగుల సందు. బాపు తెల్లచొక్కాలో బండి వెనక నిలబడ్డాడు. కర్నల్ ముందు వరసలో ఉన్నాడు. సుబేదారు ఆ పొద్దున్నే వచ్చి కొలిచాడు, టేపు జేబులో పెట్టుకుని చాయ్ రెండు కప్పులు తాగాడు.

బాపు ముందు కాలు దించాడు. హ్యాండిలు పట్టుకున్నాడు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వంతెన లేచింది. రెండు చేతులు జోడించినట్టున్నది మెల్లగా విడిపోయింది. నేరుగా సాగింది. వాలింది. అవతలి టేబుల్‌కు తగిలి, పిన్ను దానంతట అదే రంధ్రంలో పడింది.

టక్.

ఆ చప్పుడుకు వెనక వరసలోని ముసలాయన ఒకాయన లేచి నిలబడ్డాడు. పక్కాయన లేచాడు. డెబ్బై మందీ లేచారు. ఆ చప్పుడు వాళ్ళు ఎన్ని వాగుల ఒడ్డున విన్నారో నాకు తెలియదు. కర్నల్ దగ్గరికొచ్చి, కీలు మీద వేలు పెట్టి, సుబేదారు వైపు చూసి ఒక్కమాట అన్నాడు: "వొహీ హై." అదే ఇది.

సుబేదారు కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే కనబడుతుందని.

"ఆగుండ్రి సాబ్" అన్నాడు బాపు. "వంతెన మీద ఏదన్న దాటాలె గద."

సంచిలోంచి ఒక చిన్న ఎడ్లబండి తీశాడు. నాకే తెలియదు ఎప్పుడు చేశాడో. నొగలు, కాడి, ఇరుసు, అన్నీ ఉన్నాయి. చక్రాలు మాత్రం నున్నగా గుండ్రంగా, మధ్యలో కమ్ముల్లాంటి ఆకులు లేకుండా. అవి ఎక్కడివో చూడగానే తెలిసింది, వంతెన నుంచి తెగిన ముక్కలు. దాన్ని ఒక ఒడ్డున పెట్టి చూపుడు వేలితో నెట్టాడు. మన బండి యుద్ధం వంతెన మీద గలగలమంటూ నడిచి అవతలి ఒడ్డుకు చేరింది. హాలు హాలంతా ఈలలు. లక్ష్మీనర్సయ్య సేటు కూడా ఉన్నాడు, కుర్చీ మీదికెక్కి వీడియో తీస్తూ, "బేరింగులు నావే! నావే!" అని అరుస్తున్నాడు.

భోజనాల దగ్గర కర్నల్ అడిగాడు. సెంటరులో కొత్తగా చేరిన సిపాయిలకు పాఠం చెప్పడానికి ఇట్లాంటివే ఇంకా కావాలి. మందుపాతరలను దున్ని తీసే బండి, మట్టి తోసే బండి, ఏడాది పొడుగునా పని. చేస్తావా అని.

"దున్నుతదా?" అన్నాడు బాపు. "నాగలుంటదా దానికి?"

"ఉంటది" అన్నాడు సుబేదారు.

బాపు మొహం వెలిగింది. కాని వెంటనే సరే అనలేదు. "సాబ్, ముందు గేటు ముందరున్న అసలు బండిని నా చేతితోని కొలవాలె. గప్పుడు చెప్త."

సుబేదారు కొలత కన్నా ఒక్క ఇంచు ఎక్కువ తేలినా ఎద్దు పోయి గాడిద వస్తుంది. బాపు సంగతి నాకు తెలుసు. గాడిద వస్తే పెట్టె మూత శాశ్వతంగా పడుతుంది.

సోమవారం పొద్దున కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. అమ్మ ఎత్తింది. "రాడు" అంది. "ఊరికి పోతున్నడు." ఏం ఊరని అడిగాడేమో. "కొలత తీసుకోనీకి" అని పెట్టేసింది. ఖాకీ ప్యాంటు కుట్లు విప్పి, రాబోయే బండికి ముసుగు కుడుతూ కూచుంది. చొక్కా ముందే మొదటి బండికి ముసుగైపోయింది.

*

సెంటరు గేటు ముందు ఎత్తైన దిమ్మె మీద, పచ్చరంగులో, ఆకాశానికి అడ్డంగా నిలబడి ఉంది బండి. మేం చేసిన దానికి పది రెట్లని నాకు తెలుసు. తెలియడం వేరు. ఇస్త్రీ బట్టల్లో తుపాకీ పట్టుకున్న సెంట్రీ మా కోసం గేటు తీసి, బాపుకు నిచ్చెన తెచ్చి వేశాడు.

బాపు చెప్పులు విప్పి ఎక్కాడు. సుబేదారు టేపు రెండో కొస పట్టుకుని వెనక ఎక్కాడు. నేను కిందే ఉన్నాను. నాకు టేపు మీద అంకెలు కనబడవు. బాపు పెదవులు మాత్రం కనబడుతున్నాయి.

ధ్వజం, ధూమం, సింహం. ఎండకు కాలే ఇనుము మీద వేలు ఒక్కో ఇంచు జరుగుతోంది. బాపు మెల్లగా పక్కకు నడుస్తున్నాడు. పది చుట్లు. ఇరవై. సెంట్రీ నవ్వు ఆపుకుంటున్నాడు. ముప్పై. సుబేదారు టేపు కదలకుండా, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా పట్టుకున్నాడు. ఆయం అంటే మండిపడ్డ మనిషి. నలభై ఏడు. బాపు వేలు కొసకు వచ్చింది, ఆగింది. కిందికి వంగి కొసను దగ్గర నుంచి చూశాడు. చెయ్యి ఆనించి మళ్ళీ చూశాడు.

"బుచ్చయ్యా" సుబేదారు ఆగలేకపోయాడు. "ఏమొచ్చింది?"

బాపు లేచి నిలబడ్డాడు. ఆ ఎత్తు మీద నా బాపు ఎంత పొడుగ్గా ఉన్నాడో.

"ఎద్దే!" అని అరిచాడు. "ఇగ బండి కట్టుడే!"